పుష్యమాసపు బడి: 1823 నాటి బళ్ళారి నివేదిక వెలుగులో తెలుగు ప్రాథమిక విద్య, చలికాలం

ఇటీవల అనంతపురం ప్రాంతంలోని ఒక ప్రాథమిక తరగతి గదిని చూసే అవకాశం కలిగింది. జనవరి మొదటి వారం. గోడమీద ‘చలికాలం’ అన్న శీర్షిక కింద పిల్లలు కత్తిరించి అంటించిన దూది బొమ్మలున్నాయి. అవి మంచుమనుషులు. ముక్కు స్థానంలో కారెట్, మెడకు ఎర్రని గుడ్డ. ఆ గదిలోని పిల్లల్లో ఒక్కరైనా మంచు కురవడం చూసి ఉండరు. కాని ఆ బొమ్మలకు వాడిన దూది మాత్రం ఆ నేలదే. ఆ ఊరి చుట్టూ అప్పుడు పత్తి తీత సాగుతోంది. వెనుక వరుసలో కొన్ని స్థానాలు ఖాళీగా ఉన్నాయి. ఉపాధ్యాయురాలిని అడిగితే, ‘సంక్రాంతి అయ్యేదాకా అంతేనండీ’ అన్నారు.

ఆ ఖాళీ స్థానాలే ఈ వ్యాసానికి ప్రేరణ. ప్రాథమిక విద్యలో ‘ఋతువుకు తగిన కృత్యాలు’ అన్న భావనను నేడు ఆధునిక బోధనాశాస్త్రపు కానుకగా కొందరు భావిస్తున్నారు. పూర్వపు వీధిబడి ప్రకృతితో మమేకమై ఉండేదని, ఆ సంబంధాన్ని ఆంగ్ల విద్య తెంచివేసిందని మరికొందరు వాదిస్తున్నారు. ఉపలబ్ధమైన ఆధారాలను పరిశీలిస్తే ఈ రెండు అభిప్రాయాలూ నిలబడవు. తెలుగు నేలపై చలికాలం బడిలోకి ప్రధానంగా పాఠ్యాంశంగా రాలేదు, హాజరు సమస్యగా వచ్చింది. ఈ విషయాన్ని చారిత్రకంగా నిరూపించడమే ప్రస్తుత వ్యాస లక్ష్యం.

నివేదిక, నివేదకుడు

మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో 1822 జూన్ 25న రాజధానిలోని దేశీయ విద్యాస్థితిని విచారించి వివరాలు పంపవలసిందిగా ఉత్తర్వు చేశాడు. దానికి సమాధానంగా వచ్చిన జిల్లా నివేదికలలో బళ్ళారి కలెక్టరు ఎ. డి. క్యాంబెల్ 1823 ఆగస్టు 17న పంపినది మిక్కిలి వివరమైనది. తెలుగు విద్యార్థులకు ఈ క్యాంబెల్ కొత్తవాడు కాడు. 1816లో తెలుగు వ్యాకరణాన్ని, 1821లో నిఘంటువును వెలువరించినవాడు ఇతడే. దక్షిణ భాషల సజాతీయతను ప్రతిపాదించిన ఎల్లిస్ పరిశీలన తొలుత అచ్చయినది ఇతని వ్యాకరణానికి ఉపోద్ఘాతంగానే. కనుక అతడు బడిని కేవలం పాలనాధికారి కంటితో గాక, పదాలపై ఆసక్తిగల వ్యక్తిగా చూశాడు. అతని ఇంగ్లీషు వాక్యాల నడుమ మన కడితం, బలపం వంటి మాటలు వికృత వర్ణక్రమంతోనైనా నిలిచి ఉండటానికి కారణమిదే కావచ్చు.

నాటి బళ్ళారి జిల్లాలో నేటి అనంతపురం ప్రాంతం అంతర్భాగం. నివేదిక ప్రకారం జిల్లా జనాభా 9,27,857. బడులు 533. వాటిలో కన్నడ బడులు 235, తెలుగువి 226, మరాఠీవి 23, పారసీకవి 21, తమిళవి 4, ఇంగ్లీషుది 1. ఇవి గాక బ్రాహ్మణులకు మాత్రమే పరిమితమైన విద్యాస్థానాలు 23. మొత్తం విద్యార్థులు 6,641 మంది. అనగా బడికి సగటున పన్నెండుగురు, జనాభాలో వేయికి సుమారు ఏడుగురు. బాలికలు అరవై మంది మాత్రమే. బాలురలో బ్రాహ్మణులు 1,185, వైశ్యులు 981, శూద్రులు 2,998, ఇతర కులాలవారు 1,174, ముస్లింలు 243.

1983లో ధరంపాల్ ఈ పత్రాలను సంకలించి ప్రచురించిన తరువాత ఈ అంకెలపై విస్తృతంగా చర్చ జరిగింది. శూద్ర విద్యార్థుల సంఖ్యను చూపి వీధిబడి సర్వజనీనతను నిరూపించడానికి ఒక వర్గం, వేయికి ఏడుగురన్న నిష్పత్తిని చూపి దాని పరిమితిని నిరూపించడానికి మరొక వర్గం ప్రయత్నించాయి. ఉభయులూ గమనించవలసిన అంశం ఒకటుంది. ఈ లెక్క బడిలో పేరున్నవారి లెక్క. పేరున్న 6,641 మందిలో మూల కార్తెలో, ఉత్తరాషాఢ కార్తెలో అరుగుపైకి వచ్చి కూర్చున్నవారెందరో ఈ పట్టిక నుండి తేల్చడానికి వీలులేదు.

ఉదయం ఆరు గంటలు

క్యాంబెల్ బడి దినచర్యను క్రమబద్ధంగా వర్ణించాడు. సామాన్యంగా బడి ఉదయం ఆరు గంటలకు తెరుస్తారు. అందరికంటె ముందు వచ్చిన పిల్లవాని అరచేతిలో గౌరవసూచకంగా సరస్వతి పేరు రాస్తారు. రెండవవాని చేతిలో సున్న చుడతారు. అతడు మెప్పుకూ పాత్రుడు కాడు, నిందకూ పాత్రుడు కాడని దాని అర్థం. మూడవవానికి మెల్లగా ఒక దెబ్బ, నాల్గవవానికి రెండు, ఆపై వచ్చిన ప్రతి ఒక్కరికీ ఒక్కొక్కటి చొప్పున ఎక్కువ. సగటున పన్నెండుగురున్న బడిలో చివరివానికి పది దెబ్బలు తప్పవన్నమాట.

ఈ ఆచారాన్ని క్రమశిక్షణకు నిదర్శనంగా, లేదా క్రౌర్యానికి నిదర్శనంగా ఉదాహరించడం పరిపాటి. దీనిని పంచాంగంతో కలిపి చదివితే మరొక అర్థం స్ఫురిస్తుంది. బళ్ళారి అక్షాంశంలో, స్థానిక కాలం ప్రకారం, జూన్ మొదట్లో సుమారు అయిదున్నరకే సూర్యోదయమవుతుంది. జనవరి నడుమ సూర్యోదయం సుమారు ఆరు గంటల ఇరవై అయిదు నిమిషాలకు. ఈ రెంటి నడుమ భేదం ఇంచుమించు రెండు గడియలు. కలెక్టరు చెప్పిన ఆరు గంటలను గడియారపు ఆరుగా తీసుకుంటే, పుష్యమాసంలో సరస్వతిని అరచేతిలో పొందగోరిన పిల్లవాడు ఇంకా చీకట్లు విడవని వేళ బడి అరుగు చేరుకోవాలి. గడియారం లేని పల్లెలో ఆరు గంటలంటే పొద్దుపొడుపే అనుకుందాం. అప్పుడు బడివేళ ఋతువుతోపాటు జరుగుతుంది. పొద్దు వెనుకకు జరిగినా ఇంటిపని వెనుకకు జరగదు గనుక పిల్లవాని కష్టం మాత్రం తగ్గదు. పశువుల కొట్టం ఊడ్చి రావలసిన పిల్లవాడు, బడికి ఎదురింట నివసించే పిల్లవాడు ఒకే వరుసలో నిలబడి చేతులు చాపుతారు. దెబ్బల సంఖ్య సోమరితనాన్ని కొలుస్తున్నదని అయ్యవారు అనుకొని ఉంటారు. నిజానికి అది ఇంటి దూరాన్ని, ఇంటి చాకిరీని, కప్పుకోవడానికి దుప్పటి ఉండటాన్ని లేకపోవడాన్ని కొలుస్తున్నది.

అయితే ఈ ఆచారాన్ని చలికాలపు పీడగా మాత్రమే చిత్రించడం కూడా సరికాదు. మనకు తెలిసినంతలో తెలుగు బడిపిల్లల తొలి ‘హాజరు పట్టీ’ ఇదే. అది కాగితం మీద గాక అరచేతుల మీద రాసింది. ఎవరు ముందు వచ్చారో, ఎవరు వెనుక వచ్చారో, ఎవరు రాలేదో అయ్యవారికి ప్రతి ఉదయమూ తెలుస్తుంది. రానివాని పేరు ఎవరి చేతిలోనూ ఉండదు.

ఇసుక, కడితం, బలపం

దినచర్య తరువాత క్యాంబెల్ రాత సాధనాలను వివరించాడు. ఈ భాగం తెలుగు భాషా చరిత్రకు కూడా విలువైనది. యూరప్ పిల్లల వలె అక్షరాలను వల్లెవేసి గాక, ఇసుకలో వేలితో రాస్తూ పిల్లవాడు వర్ణమాలను నేర్చుకుంటాడు. వేలు తిరిగిన పిమ్మట తాటాకుపై గంటంతోనో, కాగితంపై కలంతోనో, కొన్ని చోట్ల ఈశ్వరి తీగ ఆకుల మీదనో రాస్తాడు. ఆ జిల్లాలలో ఎక్కువగా వాడుకలో ఉన్నవి రెండు. ఒకటి సుమారు అడుగు వెడల్పు, మూడడుగుల పొడవు గల చెక్క పలక. దానిని చిత్రిక పట్టి, అన్నమూ బొగ్గుపొడీ కలిపి పూస్తారు. రెండవది కడితం: గుడ్డను గంజిలో గట్టిపరచి, పుస్తకంలా మడతలు పెట్టి, బొగ్గు, బంకల మిశ్రమం పూసి చేసినది. రెండింటి మీదా బలపంతో రాసి, తడిగుడ్డతో తుడిచివేయవచ్చు.

ఇందులో ఏది ‘కృత్యం’ కాదు? ఇసుక చదును చేయడం, బొగ్గు నూరడం, గంజి కాచడం, పలకకు పూతపూసి ఎండలో ఆరబెట్టడం వంటివన్నీ చేతిపనులే. ఋతువుతో వాటికి సంబంధం లేకపోలేదు. మంచు కురిసిన తెల్లవారున అరుగుపై ఇసుక తేమగిల్లి వేలికి అంటుకుంటుంది. తడిపి తుడిచిన కడితం వేసవిలో వలె చప్పున ఆరదు. తెలుగు పల్లెలో బడిపిల్లలు పలకను గాలిలో ఊపి ఆరబెట్టే అలవాటు మొన్నటిదాకా ఉండేది. ఎండకోసం అరుగు దిగి గోడవారన కూర్చోవడం మా తరానికీ అనుభవమే. చలికాలంలో పాఠం ఎక్కడ జరగాలో పలక కూడా కొంత నిర్ణయించేది. కాని ఈ పనులన్నీ చదువుకు సాధనాలు. వాటిని చదువులో భాగంగా నాటి అయ్యవారు గాని, కలెక్టరు గాని పరిగణించలేదు. అందుచేత వీధిబడిని నేటి కృత్యాధార విద్యకు పూర్వరూపమనడం అతిశయోక్తి అవుతుంది.

క్యాంబెల్ మెచ్చుకున్నది వేరొక అంశాన్ని. పై తరగతి పిల్లలు కింది తరగతి పిల్లలకు నేర్పే పద్ధతి, రాత నేర్పడంలోని పొదుపు అతనికి ప్రశంసనీయంగా కనిపించాయి. అప్పటికే ఆండ్రూ బెల్ మద్రాసు ఎగ్మూరు అనాథ శరణాలయంలోని తన అనుభవాన్ని 1797లో లండనులో ప్రకటించి, ఈ పద్ధతిని అక్కడ ప్రచారంలోకి తెచ్చాడు. ఇసుకరాత ఇంగ్లండు చలిదేశంలో నాలుగు గోడల మధ్య బల్లమీది పళ్ళెంలోకి చేరింది. మన నేలపై అది ఆరుబయటనో, అరుగుమీదనో ఉండిపోయింది.

ఆరు ఋతువులు, ఒక చలికాలం

బడి బయట ఋతువు ఇంత బలంగా ఉండగా, బడి లోపల పాఠంలో దాని రూపం ఎట్టిది? 1832లో పుదూరు సీతారామశాస్త్రి కూర్చినదని సాహిత్య చరిత్రకారులు చెప్పే బాలశిక్ష నుండి, దానిని పెంచి వెలువరించిన పెద్దబాలశిక్షల దాకా ఒక సంప్రదాయం స్థిరపడింది. అక్షరాలు, గుణింతాలు, ఎక్కాలతోపాటు అరవై సంవత్సరాలు, పన్నెండు మాసాలు, తిథులు, వారాలు, నక్షత్రాలు, ఆరు ఋతువులు పిల్లవానికి కంఠస్థం కావాలి. మార్గశిర పుష్యాలు హేమంతం, మాఘ ఫాల్గుణాలు శిశిరం. ఈ వరుసను తప్పులేకుండా అప్పజెప్పిన పిల్లవానికి ఋతువులు తెలిసినట్లే లెక్క.

వాడుకభాషలో హేమంతమూ లేదు, శిశిరమూ లేదు. ఉన్నది చలికాలం ఒక్కటే. సేద్యగాని ఇంటిలో కాలగణన ఋతువులతో కాక కార్తెలతో సాగుతుంది. ఏ కార్తెలో ఏ పైరు చల్లాలో, ఏ కార్తెలో ఎట్టి వాన కురుస్తుందో ఆ ఇంటి పిల్లవాడు బడికి పోకున్నా వింటూ పెరుగుతాడు. నక్షత్రాల పట్టిక పెద్దబాలశిక్షలో ఉన్నది. ఆ నక్షత్రాలే కార్తెల పేర్లు. ఈ రెంటినీ కలిపి చెబితే చాలు, ఆ పాఠం పొలం దాకా పోయేది. అట్లా కలపకపోవడానికి కారణం అజ్ఞానం కాదని నా అభిప్రాయం. బాలశిక్షలోని కాలజ్ఞానం పంచాంగం చదవడానికి, సంకల్పం చెప్పడానికి, దస్తావేజులో సంవత్సర మాస తిథులు రాయడానికి ఉద్దేశించినది. అది లేఖకుని కాలజ్ఞానం, కృషీవలునిది కాదు. వీధిబడి తయారుచేసినదీ లేఖకులనే.

పండుగల విషయంలోనూ ఈ విభజన కనిపిస్తుంది. వీధిబడి తనదిగా జరుపుకొన్న పండుగ దసరా. పిల్లలు విల్లమ్ములు పట్టి ఇంటింటికీ తిరగడం, అయ్యవారికి కట్నం, తమకు పప్పుబెల్లాలు అడగడం తెలుగువారందరికీ తెలిసినదే. సంక్రాంతి బడి పండుగ కాలేదు. అది ఇంటిది, కళ్ళానిది, పశువులది. గొబ్బెమ్మలు పెట్టే బాలికలకు బడితో సంబంధమే లేదు. నివేదికలోని అరవైమంది బాలికలను గుర్తుచేసుకుంటే ఈ మాట స్పష్టమవుతుంది. దసరాకు బడి ఊరిమీదికి వెళుతుంది, సంక్రాంతికి ఊరు పిల్లలను బడి నుండి తీసుకొనిపోతుంది.

లేత చేతుల అవసరం

క్యాంబెల్ నివేదికలో విద్యాక్షీణతకు కారణాలు చెప్పిన భాగం సుప్రసిద్ధం. యూరప్ వస్త్రాల రాకతో నేతవారు దెబ్బతిన్నారని, మధ్యతరగతి, దిగువతరగతి ప్రజలు పిల్లల చదువు ఖర్చు భరించలేని స్థితికి వచ్చారని అతడు రాశాడు. దానికి జోడించిన మరొక అంశం నా ప్రతిపాదనకు కీలకం. పిల్లల లేత అవయవాలకు ఏ కొద్దిపాటి శక్తి రాగానే తల్లిదండ్రులకు వారి సాయం అవసరమవుతున్నదని అతడు గుర్తించాడు. కొందరు పిల్లలు అయిదేండ్లు మాత్రమే బడిలో ఉండి, పేదరికం వంటి కారణాలవల్ల మానివేస్తారనీ చెప్పాడు.

ఈ అవసరం ఏడాది పొడవునా ఒకే తీరుగా ఉండదు. రాయలసీమ నల్లరేగడి నేలలలో హింగారి జొన్న కోత, పత్తి తీత చలికాలంలోనే వస్తాయి. కోస్తా డెల్టాలో సార్వా వరి కోతలు, నూర్పిళ్ళు సంక్రాంతికి అటూ ఇటూ సాగుతాయి. పత్తికాయ నుండి దూది లాగడానికి పెద్దల చేతికంటె పిల్లల చేయి అనువైనదని పొలంలో నేటికీ అంటారు. కనుక బడి మానడమన్నది ఒకనాడు హఠాత్తుగా జరిగే సంఘటన కాదు. ఒక పుష్యమాసంలో పదిరోజులు, మరుసటి ఏడు నెల, ఆ పై ఏడు మాఘం వెళ్ళినా తిరిగి రాకపోవడం, ఈ క్రమంలో జరుగుతుంది. తిరిగి వచ్చినవాడు కూడా తన వరుసను కోల్పోయి ఉంటాడు. అతనికి అక్షరాలు నేర్పుతుండిన పై తరగతి విద్యార్థి అప్పటికి ముందుకు పోయి ఉంటాడు.

ఇరవయ్యో శతాబ్దంలో ఈ సమస్యకు రెండు పరిష్కారాలు ప్రతిపాదితమయ్యాయి. 1937 అక్టోబరులో వార్ధాలో జరిగిన విద్యాసభ, ఆ వెంటనే జాకిర్ హుస్సేన్ సంఘం సమర్పించిన నివేదిక చేతిపనిని చదువుకు కేంద్రంగా చేశాయి. రోజుకు అయిదున్నర గంటల బడిలో 3 గంటల 20 నిమిషాలు వృత్తికే కేటాయించారు. భౌతిక, సామాజిక పరిసరాలతో పాఠాన్ని అనుసంధించాలన్నారు. పత్తి తీసే పిల్లవానికి తకిలీ పాఠం పరాయిది కాదు, ఋతువు నిజంగానే తరగతిలోకి వచ్చే మార్గమది. అయితే ఆ నివేదికే ఏడాదికి 288 పనిదినాలను, నెలకు సగటున 24 చొప్పున, ఊహించింది. నేటి విద్యాహక్కు చట్టం ఒకటి నుండి అయిదు తరగతులకు నిర్దేశించినవి 200 దినాలు. వార్ధా పథకం పిల్లవాని చేతిని బడిలోకి ఆహ్వానించింది గాని, ఆ చేతిపై పొలానికి గల హక్కును తగినంతగా లెక్కవేయలేదు.

రెండవది 1953లో మద్రాసు ముఖ్యమంత్రి రాజగోపాలాచారి గ్రామీణ పాఠశాలల్లో ప్రవేశపెట్టిన సవరించిన ప్రాథమిక విద్యా పథకం. బడివేళ రోజుకు మూడు గంటలు. మిగిలిన పూట పిల్లలు తల్లిదండ్రుల వృత్తి నేర్చుకోవాలి. ఆ ఏడు అక్టోబరు 1 దాకా ఆంధ్ర జిల్లాలు మద్రాసు రాష్ట్రంలోనివే. ఈ పథకం కులవృత్తులను శాశ్వతం చేస్తుందన్న తీవ్ర వ్యతిరేకత వచ్చి, 1954లో రద్దయింది. ఆ వ్యతిరేకత న్యాయమైనదని నేను భావిస్తాను. పిల్లల జీవితానికి దగ్గరగా ఉండే చదువన్న మాట ఎంత సులువుగా పిల్లలను పనికి పంపే చదువుగా మారగలదో ఈ ఉదంతం చూపుతుంది. తరువాతి దశాబ్దాలలో కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాలలో సంకర పత్తివిత్తన క్షేత్రాలు విస్తరించినప్పుడు, పూలకు చేతితో పరాగసంపర్కం చేయడానికి వాన వెనుకబట్టిన నాటి నుండి చలికాలం దాకా బడి ఈడు బాలికలను వినియోగించడం ఇందుకు మరొక సాక్ష్యం.

రిషివ్యాలీ నిచ్చెన

హాజరు పట్టీ వైపు నుండి ఆలోచించిన ప్రయత్నం నాకు మదనపల్లె సమీపంలోని రిషివ్యాలీలో కనిపిస్తుంది. అక్కడి గ్రామీణ విద్యాకేంద్రం 1980ల నుండి చుట్టుపట్ల పల్లెలలో బహుళ తరగతుల చిన్న బడులను నడుపుతూ, పాఠ్యపుస్తకం స్థానంలో కార్డుల పద్ధతిని రూపొందించింది. పాఠ్యాంశాన్ని చిన్నచిన్న కృత్యాలుగా విడగొట్టి, బొమ్మ గుర్తులు గల కార్డులుగా తయారుచేసి, వాటి క్రమాన్ని గోడమీద నిచ్చెన రూపంలో చూపుతారు. ప్రతి పిల్లవాడూ ఆ నిచ్చెనలో తన మెట్టును తానే గుర్తించి, ఆ గుర్తు గల కార్డు తీసుకొని పని ప్రారంభిస్తాడు. కొలతలు, తూకాలు, బేరసారాలు పిల్లలే నిర్వహించే సంతలలో నేర్పుతారు. కార్డుల పాఠాలలోకి స్థానిక కథలు, పొడుపుకథలు చేరాయి.

ఈ పద్ధతికి దేశవిదేశాలలో లభించిన పేరు ప్రధానంగా కృత్యాలను బట్టి వచ్చింది. నా దృష్టిలో దాని చారిత్రక ప్రాముఖ్యం మరొక చోట ఉన్నది. తరగతి అంతా ఒకే పాఠం వద్ద ఉండనవసరం లేదు గనుక, వేరుశెనగ పీకుడుకో, కోతలకో, తల్లిదండ్రులతో వలసకో వెళ్ళి మూడు వారాల తరువాత వచ్చిన పిల్లవాడు తరగతికి వెనుకబడినవాడు కాడు. అతడు వదిలిన కార్డు వద్దనే అతని చదువు ఆగి ఉంటుంది. వీధిబడిలోని పై తరగతి పిల్లల సాయం ఇక్కడ మరొక రూపంలో కొనసాగుతున్నది. బడిలో వరుస మాత్రం ఎవరు ముందు వచ్చారన్న దానిని బట్టి ఏర్పడటం లేదు.

దీనివల్ల పిల్లల శ్రమ సమస్య తీరలేదు. పిల్లవాడు కోతకు వెళ్ళకుండా ఉండాలన్నది వేరే పోరాటం, దానికి చట్టమూ కూలిరేట్లూ కావాలి. కాని వెళ్ళినవాడు తిరిగి రావడానికి బడి ఏమి చేయగలదన్నది బోధన పరిధిలోని ప్రశ్న. క్యాంబెల్ లెక్కించిన 226 తెలుగు బడులలో ఆ ప్రశ్నకు చోటు లేదు. నేను చూసిన తరగతి గదిలో సంక్రాంతి సెలవుల తరువాత వెనుక వరుస పిల్లలు వచ్చేసరికి గోడమీది మంచుమనుషులను తీసివేసి, వేసవి పాఠానికి కావలసిన బొమ్మలు అంటిస్తున్నారు.